లెక్కల కోడలు

కొండల నడుమ మా ఉజున్-తోర్ ఊరి బడిలో నాలుగేళ్ళపాటు లెక్కలు చెప్పినవారిలో లెక్కలు చదువుకున్నవారు ఒక్కరూ లేరు. మొదట భూగోళం చెప్పే ఆయన చెప్పాడు. ఆయనకు చూపు మందగించాక వ్యాయామం మాస్టరు ఆ పని మీద వేసుకున్నాడు. అతను త్రిభుజాలను కూడా వరుసలో నిలబెట్టి ఈల వేస్తాడని పిల్లలు నవ్వుకునేవారు. ఆపైన పశువైద్యుడి భార్య వచ్చింది. ఆమెకు కూడికలు బాగానే వచ్చు గాని, అంకెల స్థానంలో అక్షరాలు కనిపించేసరికి ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం కలిగేది.

ఆ బడిలో నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా విరమించాను. నా తరవాత ఆ కుర్చీలో కూర్చున్న ఎసెన్ నా విద్యార్థే. మంచివాడు; ఎవరికీ కాదని చెప్పలేడు. జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తర్వు పట్టుకుని అతను మొట్టమొదట నా ఇంటికే వచ్చాడు. లెక్కలకు అర్హతగల ఉపాధ్యాయులు లేనిచోట పది, పదకొండు తరగతులు నడపరాదన్నది దాని సారాంశం. చదవడానికి న్యాయంగానే ఉంది. కాని ఆ తరగతులున్న మరో బడి కనుమకు అవతల దిగువ ఊళ్ళో ఉంది. నవంబరులో మంచు పడితే వసంతం దాకా ఆ దారి తెరుచుకోదు. పిల్లలు అక్కడే ఎవరింట్లోనో ఉండి చదవాలి. మగపిల్లలను పంపుతారు. ఆడపిల్లలను పంపరు. కనుక మా ఊరికి ఆ ఉత్తర్వు చెప్పేది ఒక్కటే: ఆడపిల్లకు తొమ్మిదో తరగతితో చదువు సరి.

సరిగ్గా అటువంటి సమయంలో, ఒక ఆగస్టు నెలలో, జిపార్ వచ్చింది.

నరిన్ పట్టణపు పిల్ల. అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లెక్కలు చదివి, కొత్త టీచర్లను మారుమూల ఊళ్ళకు పంపే పథకం కింద మూడేళ్ళకు ఒప్పుకుని వచ్చింది. బసకు వేరే చోటు లేక మా ఇంట్లోనే, మా అబ్బాయి ఖాళీ చేసిన గదిలో దిగింది. మొదటిరోజు బడి నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా గుమ్మం పక్క బల్ల మీద కూర్చుండిపోయింది.

“మాస్టారూ, ఒకే గదిలో రెండు తరగతులు ఉంటాయని మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదండీ.”

“మరి ఏం చెప్పారు?”

“ముప్పైమంది పిల్లల్ని ఆరు జట్లుగా ఎలా విడగొట్టాలో చెప్పారు. ఇక్కడ ఏడులో ఐదుగురు, ఎనిమిదిలో నలుగురు. ఆరు జట్లు చేస్తే ఒక్కో జట్టులో ఒకడు, వాడి నీడ.”

నా భార్య రాబియా పిండి కలుపుతున్న చేతులతోనే నవ్వేసింది. “నీడకి కూడా మార్కులెయ్యమ్మా. మనిషికన్నా అదే కుదురుగా కూర్చుంటుంది.”

మరునాటి నుంచి నేను ఆమె తరగతిలో వెనక బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. లెక్కల గురించి నేను ఆమెకు చెప్పగలిగింది ఏమీ లేదు. చిన్న బడి గురించి మాత్రం ఉంది. నోరు ఒక తరగతిదైనప్పుడు నల్లబల్ల రెండో తరగతిది కావాలి. పొయ్యి పక్కన కూర్చున్నవాడు నిద్రపోతాడు, కిటికీ పక్కన కూర్చున్నవాడు గుర్రాలను చూస్తాడు. పాఠం సగంలో ఇద్దరినీ అటూ ఇటూ మార్చాలి. పెద్ద తరగతిలో చురుకైనవాడి చేత చిన్న తరగతికి ఒక లెక్క చెప్పించాలి, ఆ పాఠం ఇద్దరికీ వస్తుంది. ఈ సంగతులు ఏ కళాశాలలోనూ చెప్పరు, ఎందుకంటే కళాశాలల్లో చెప్పేవారు ఇటువంటి గదిలో ఒక్క శీతాకాలమైనా గడిపి ఉండరు. జిపార్ అన్నీ విన్నది. కొన్ని నాకంటే బాగా చేసింది.

రెండో ఏడు శరదృతువులో ఆమె ఎనిమిదో తరగతిని బయటకు తీసుకువెళ్ళి, ముసలి తెమిర్ గారి గడ్డివాము మీదుగా తాడు వేయించి, కొలతలు తీయించి, అందులో ఎంత గడ్డి ఉందో లెక్క కట్టించింది. తెమిర్ చేతికర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు.

“నేను కుప్పేసిన గడ్డి ఎంతో మీరు చెబుతార్రా నాకు?”

“మార్చి దాకా రాదు తాతా,” అంది నజిక్. గొర్రెల కాపరి కూతురు. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. “ఫిబ్రవరిలోనే అయిపోతుంది.”

“నీ నోట్లో బూడిద పొయ్య. ఆవులు వింటాయి, మెల్లగా చెప్పు.”

గడ్డి ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఆ తరవాత ఊళ్ళో లెక్కల టీచరు మాటకు ఒక బరువు వచ్చింది. జిల్లా వారు వచ్చి చూసి, పై తరగతులు కొనసాగవచ్చని, టీచరు ఉన్నంతకాలమే సుమా అని హెచ్చరించి వెళ్ళారు. నజిక్ తొమ్మిదో తరగతిలోకి వెళ్ళింది; ఏడాది తరవాత పదిలోకి. ఆమెతోపాటు మరో ఇద్దరు ఆడపిల్లలు.

మూడో ఏడు వసంతంలో ఒక సంస్మరణ విందుకు ఊరి మగవాళ్ళమంతా ఒక గుడారంలో కూడాము. మాంసం తినడం అయ్యాక, చేతులు తుడుచుకుంటూ ఎసెన్ ఆ మాట ఎత్తాడు.

“జూన్‌తో పిల్ల గడువు తీరిపోతుంది. పట్నం పిల్ల, మూట కట్టుకుని పోతుంది. మళ్ళీ మనకి ఈల మాస్టరే గతి.”

“ఇల్లు కట్టిద్దాం,” అన్నాను నేను. “ఊరంతా కలిస్తే రెండు గదులు పెద్ద పని కాదు.”

“రెండు గదుల్లో ఒంటరి ఆడపిల్ల ఏం చేస్తుంది మాస్టారూ? గోడలతో మాట్లాడుకుంటుందా?” అన్నాడు ముకాష్. తెమిర్ గారి కొడుకు. ఊళ్ళో గుర్రాలూ ఆవులూ బాగా ఉన్నవాడు. “మా ఎర్నిస్ బడికి బొగ్గు తోలుతున్నాడు. ఈ ఏడు వాడు తోలిన బొగ్గుతో మూడు బళ్ళు వెచ్చబడతాయి. ఎందుకు తోలుతున్నాడో నాకు తెలీదనుకున్నారా?”

అందరూ నవ్వారు. నవ్వులోనే అది నిర్ణయమైపోయింది. పెళ్ళయితే ఆమె ఈ ఊరి మనిషి అవుతుంది, ఈ ఊరి మనిషి ఎక్కడికీ పోదు. ఇంత సులువైన ఉపాయం మూడేళ్ళుగా ఎవరికీ ఎందుకు తోచలేదని ఒకరినొకరు అడిగారు.

నేను ఒక్క షరతు పెట్టాను. కోడలయ్యాక కూడా ఆమె లెక్కల టీచరుగానే ఉండాలనీ, ఆ మాట ముకాష్ అందరి ఎదుటా ఇవ్వాలనీ అన్నాను.

“ఇచ్చాను అసిల్‌బెక్ మాస్టారూ. నా గడ్డం సాక్షి.”

“సాక్షి మరీ పలచగా ఉంది,” అన్నారెవరో మూల నుంచి. ముకాష్ కూడా నవ్వాడు. తరవాత అందరమూ అరచేతులు చాచి, ముఖాల మీదుగా దించుకుని, అలాగే జరుగుగాక అని ఓమిన్ అన్నాము. మా వైపు దానిని మించిన ఒప్పందం లేదు.

ముకాష్ భార్య బాత్మా ఆ సమయాన గుడారం వెనక, తక్కిన ఆడవాళ్ళతో కలిసి వాగు నీళ్ళలో గొర్రె పేగులు కడుగుతోంది.

ఇంటికి వచ్చి రాబియాకు చెప్పాను.

“బాత్మాతో చెప్పారా?”

“ముకాష్ చెబుతాడు.”

“చెబుతాడు,” అంది రాబియా, రొట్టెల పళ్ళెం మీద గుడ్డ కప్పుతూ.

జిపార్‌ను అడిగింది రాబియానే. పిల్ల ముఖం ఎర్రబడి, ఎర్నిస్ మంచివాడేనండీ అందట. మంచివాడే. జూన్‌లో పెళ్ళి జరిగింది. వచ్చిన ఏడాది ఆమె తలకు కట్టుకున్న రంగు రిబ్బను పోయి, కోడళ్ళు కట్టుకునే తెల్లని తలగుడ్డ వచ్చింది. మా గది ఖాళీ అయింది.

సెప్టెంబరులో ఆమె బడికి వచ్చింది. ముకాష్ మాట నిలబెట్టుకున్నాడని నేను నలుగురిలో చెప్పాను కూడా. కోడలు అత్తవారి వైపు పెద్దల పేర్లు నోట పలకకూడదన్న పాత నియమాన్ని బాత్మా ఆ ఇంట్లో గట్టిగా పాటింపజేసేది. మామగారి తండ్రి పేరు తెమిర్. తెమిర్ అంటే ఇనుము. భౌతికశాస్త్రం కూడా జిపారే చెప్పేది కనుక, అయస్కాంతం పాఠంలో ఆమె ఇనుమును ‘ఆ తుప్పు పట్టేది’ అనవలసివచ్చింది. పిల్లలు రెండు రోజుల్లో అలవాటుపడ్డారు. ముసలి తెమిర్ బడి పక్కగా పోతూంటే, “తుప్పు పట్టే తాత వస్తున్నాడు” అనేవారు. ఆయన కర్ర ఎత్తేవాడు. ఆ నవ్వు ఆ శీతాకాలం మొదటి నెలలతో అయిపోయింది.

డిసెంబరులో ఒకరోజు నజిక్ పాలు ఇచ్చిపోవడానికి మా ఇంటికి వచ్చింది.

“మాస్టారూ, మీరొకసారి బడికి రావాలి.”

“ఏమైంది?”

“టీచరుగారు పొయ్యి దగ్గర కూర్చుని నిద్రపోతున్నారు. మేమేం అనలేదండీ. మేమే లెక్కలు చేసుకుని, చిన్నవాళ్ళకి కూడా చెప్పేసి, గంట కొట్టే ముందు లేపాం.” కొంచెం ఆగి, “ఈ నెల్లో నాలుగోసారి,” అంది.

జిపార్ ఇంకా చీకటుండగానే లేచి ఆవులు పితికి, పేడ తీసి, పొయ్యి రాజేసి, అందరికీ టీ పోసి, గిన్నెలు కడిగి బడికి వస్తోందని ఊళ్ళో తెలియనివారు లేరు. కోడలు చేసే పనులే అవి. అంతకుముందు వాటి గురించి ఎవరూ ఆలోచించలేదు, అంతే. ఫిబ్రవరిలో మంచు మీద జారి బాత్మా మోకాలు వాచింది. అప్పటికి జిపార్ గర్భవతి. ఆ వారం నుంచి ఆమె బడికి రావడం మానేసింది.

ఏప్రిల్‌లో తనిఖీ ఉందని కబురు వచ్చింది. ఎసెన్, నేనూ కలిసి ముకాష్ ఇంటికి వెళ్ళాము.

బాత్మా పరుపుల దొంతరకు ఆనుకుని, ఒక కాలు చాపుకుని కూర్చుంది. “రండి మాస్టారూ. ఎసెన్, నువ్వూ రా. కాలు చాపానని ఏమనుకోకండి, మడతపడ్డం లేదు.”

జిపార్ నీళ్ళు మరుగుతున్న సమవార్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మాకు టీ పోసింది. గిన్నె నిండా పోస్తే అతిథిని ఇక లేవమన్నట్టు మా వైపు. ఆమె గిన్నె అడుగు తడిసేంత మాత్రమే పోసి ఇచ్చింది, మేము తాగగానే మళ్ళీ అంతే పోసింది. ఆ ఇంట్లో మేము ఇంకాసేపు కూర్చోవాలని కోరుకున్నది ఆమె ఒక్కతే.

“వదినా,” అన్నాడు ఎసెన్, “పిల్లలు ఎదురుచూస్తున్నారు.”

“మా ఆవులూ ఎదురుచూస్తాయి నాయనా. వాటికి ఆదివారం కూడా లేదు.”

“ముకాష్ అన్న మాటిచ్చాడు కదా.”

“ఇచ్చాడు. నాకివ్వలేదే.” ఆమె గొంతులో కోపం లేదు. “మీరంతా లోపల ఓమిన్ అన్నప్పుడు నేను బయట మీరు తినే పేగులు కడుగుతున్నాను. ఎవరికో జబ్బు తగ్గాలని మొక్కుకుంటున్నారు కాబోలు అనుకుని, నేనూ తడిచేతులు ముఖాన రాసుకున్నాను. నా కోడల్ని బడికి రాసిచ్చేశారని పెళ్ళయ్యాక తెలిసింది.”

ముకాష్ గిన్నెలోకి చూస్తూ, “మాస్టారు చెప్పేదాంట్లో కూడా...” అన్నాడు.

“నువ్వు పితుకుతావా ఆవుల్ని?”

మా ఊళ్ళో మగవాడు ఆవు కింద కూర్చోడు.

“ఒక మనిషిని సాయం పెడదాం వదినా,” అన్నాడు ఎసెన్.

“ఎవర్ని? మీ ఆవిణ్ణి పంపుతావా? నర్సు చదివిందిగా. ఏ ఆస్పత్రిలో ఉందిప్పుడు?”

ఎసెన్ మోకాలి మీది టోపీని ఒక చుట్టు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇది ఒక ఇంటి సంగతి కాదన్నాను. ఏప్రిల్‌లో టీచరు కనిపించకపోతే పై రెండు తరగతులూ పోతాయి, పోయినవి తిరిగి రావు, నజిక్ వంటి పిల్లల చదువు ఇక్కడితో ఆగిపోతుంది అన్నాను.

“నజిక్ నా మేనకోడలే మాస్టారూ. మంచి పిల్ల. పాలు పితకడం నేనే నేర్పాను. ఎవరింటికి వెళ్ళినా పేరు తెస్తుంది.” బాత్మా చాపిన కాలిని రెండు చేతులతో కొంచెం పక్కకు జరుపుకుంది. “ఇరవై ఎనిమిదేళ్ళు మా అత్తగారు కూర్చుంటే నేను నిలబడ్డాను. ఒక్కరోజు ఎవరూ వచ్చి, బాత్మా, నీకు కూడా ఏమైనా వచ్చా, అనడగలేదు. ఇప్పుడు కూర్చునే వంతు నాది. ఇప్పుడు ఊరికి లెక్కలు కావాల్సి వచ్చాయి.”

టీ తాగి లేచాము.

జిపార్ కుక్కను పట్టుకోవడానికి గేటు దాకా వచ్చింది. ఎసెన్ ముందు నడిచాడు.

“పదో తరగతికి సమీకరణాలు సగంలో ఆపానండీ. నజిక్‌కి చెబితే ఎక్కడో చూపిస్తుంది.”

“చూస్తాను. ప్రసవం అయ్యాక, పిల్ల కొంచెం పెద్దదయ్యాక వద్దువుగాని.”

“మా అత్తగారికి మోకాలు బాగుపడదు మాస్టారూ. డాక్టరు చెప్పాడు.” కుక్క మెడపట్టు వేళ్ళకు చుట్టుకుంటూ ఆమె మామూలుగానే చెప్పింది. “నేను వెళ్ళిపోతానని అందరూ ఎందుకనుకున్నారండీ?”

“మూడేళ్ళ గడువు తీరుతుందిగా.”

“మళ్ళీ మూడేళ్ళు రాయించుకుందామనే అనుకున్నాను. నజిక్ వాళ్ళ క్లాసు బయటికెళ్ళేదాకా అయినా. రాబియా అత్తయ్యతో అన్నాను కూడా, ఆ గది ఇంకో మూడేళ్ళు నాకే ఇస్తారా అని. పెళ్ళి మాట వచ్చాక ఇక గది గొడవెందుకు అనుకున్నాను.” లోపలినుంచి అత్తగారు పిలిచింది. ఆమె కుక్కను వదిలి, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి రాబియాను అడిగాను. అవును, అడిగింది, అంది. మీరు పెద్దవాళ్ళంతా ఓమిన్ అనేసి వచ్చాక నేనేం చెప్పను, అంది.

ఆ మార్చి నెలంతా పదో తరగతికి లెక్కలు నేనే చెప్పాను. డెబ్భై దాటిన ఇంగ్లీషు మాస్టరు తెల్లవారకముందే లేచి, ఆ రోజు చెప్పవలసింది పిల్లలకంటే ఒక పేజీ ముందుగా చదువుకుని బడికి వెళ్ళేవాడు. నజిక్ నన్ను ఎంతో మర్యాదగా దిద్దేది. “మాస్టారూ, గుర్తు మారుతుందనుకుంటానండీ,” అనేది. మారుతుందని ఆమెకు తెలుసు.

తనిఖీకి వచ్చినామె ఎసెన్ వయసుదే. ఆమె కూడా చిన్న ఊరి బడిలో చదువుకున్నదేనట. వెనక బల్ల మీద, ఒకప్పుడు నేను కూర్చున్నచోటే కూర్చుని పాఠమంతా విన్నది. అయ్యాక నన్ను పక్కకు పిలిచి, “మీ ఇంగ్లీషు పాఠం వినే అదృష్టం ఉంటే బాగుండేది మాస్టారూ,” అంది. అంతకంటే సున్నితంగా ఎవరూ చెప్పలేరు.

సెప్టెంబరు నుంచి పై తరగతులు లేవు. మగపిల్లలను కనుమ దాటించి దిగువ ఊరికి పంపారు. వారిలో ఒకడు నవంబరులో తిరిగివచ్చి గొర్రెల వెంట పోతున్నాడు. తక్కిన ఇద్దరు ఆడపిల్లల సంగతి అడిగేవారు లేరు. నజిక్ ఉదయం తమ ఆవులను, సాయంత్రం ముకాష్ గారి ఆవులను పితుకుతోంది. బాలింత ఒక్కతే ఎంతని చేస్తుంది అని బాత్మా పిలిపించింది. పాలు పితుకుతూ ఆ అమ్మాయీ జిపారూ ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. ఒకసారి గోడ పక్కగా పోతూ ఏవో అంకెలు విన్నాను. ఆగి విందామనుకునేలోపు లోపలినుంచి పసిపిల్ల ఏడ్చింది, అంకెలు ఆగిపోయాయి.

వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి కూడా అనుమానమేనని వినిపిస్తున్న రోజుల్లో, అదే పథకం కింద ఇంకో టీచరు వచ్చింది. పేరు బుర్మా, తలాస్ వైపు పిల్ల, రసాయనశాస్త్రం చదివింది. బసకు మా గదే. మొదటిరోజు సాయంత్రం కోటు విప్పకుండా గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని, ఒకే గదిలో రెండు తరగతులు ఉంటాయని తనకెవరూ చెప్పలేదంది. నోరు ఒక తరగతిదైనప్పుడు నల్లబల్ల రెండో తరగతిదని మొదలుపెట్టాను. ఈసారి నా గొంతు నాకే ఎవరో రాసింది చదువుతున్నట్టు వినిపించింది.

మూడోరోజు ముకాష్ ఒక తోలుసంచి నిండా గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ పట్టుకుని వచ్చాడు. బుర్మా ఇంకా బడి నుంచి రాలేదు. టోపీ తీసి, గడ్డం నిమురుకుని, వాతావరణం గురించీ మేకల గురించీ చాలాసేపు మాట్లాడాడు.

“రెండోవాడు సైన్యం నుంచి వచ్చేశాడు మాస్టారూ. ఖాళీగా ఉన్నాడు.”

“బొగ్గు తోలమను,” అన్నాను.

“తోలతానంటున్నాడు. తనే అడిగాడు.” అతను గొంతు తగ్గించాడు. “ఈసారి బాత్మాతో ముందే మాట్లాడాను. మీరు అనుకున్నట్టు కాదు. ఆవిడకి ఇష్టమే. ఇద్దరు కోడళ్ళుంటే ఒకతె ఇంట్లో, ఒకతె బడిలో ఉండొచ్చు అంటోంది.”

“ఏ కోడలు బడిలో?”

“అది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు.”

రాబియా సమవార్ దగ్గర కూర్చుని అంతా వింది. ముకాష్ గిన్నె అందుకుని టీ పొయ్యడం మొదలుపెట్టింది. పోస్తూనే ఉంది. అంచు దాకా, ఇక ఒక్క చుక్క పట్టనంత నిండా పోసి, రెండు చేతులతో అతని ముందు పెట్టింది. మా నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఒక అతిథికి అలా పోయడం నేను చూడలేదు.

ముకాష్ ఆ గిన్నెను కొంతసేపు చూశాడు. తరవాత జాగ్రత్తగా, ఒలికిపోకుండా ఎత్తి, ఊదుకుంటూ, చివరి చుక్క దాకా తాగాడు. మీసాలు తుడుచుకుని ఖాళీ గిన్నె ముందుకు చాపాడు.

“బాగుంది వదినా, ఇంకొంచెం పొయ్యి. పిల్లది తలాస్‌లో ఏ ఊరన్నారు మాస్టారూ?”